కారడం ఆగితే ఇచ్చేస్తానన్న బండి

మా బండికి కార్బురేటర్లు రెండు. ఈ ముక్క చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గీర వినబడుతుందని మా ఆవిడ అంటుంది. వినబడనీండి. తెనాలిలో తిరిగే మామూలు బళ్ళకి ఇంజనులో సిలిండరు ఒకటే, దానికి పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బురేటరూ ఒకటే. ఇప్పుడొస్తున్న కొత్త బళ్ళకైతే అదీ లేదు, ఏదో చిన్న కంప్యూటరు లెక్కగట్టి పిచికారీ కొడుతుందట. నా బండికి సిలిండర్లు రెండు, సైలెన్సర్లు రెండు, కార్బురేటర్లు రెండు. అందుకని కారడం కూడా రెండు వైపులా కారుతుంది.

రెండూ ఒకేసారి కారితే ఒకేసారి బాగుచేయించి ఊరుకుందుం. అలా కారవు. ఎడమదాన్ని బాగుచేయిస్తే వారం తిరక్కుండా కుడిది మొదలుపెడుతుంది. కుడిదాని సంగతి చూసొచ్చేసరికి ఎడమది అలుగుతుంది. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళలా వంతులేసుకుని మరీ సాధించాయి నన్ను, ముప్ఫయ్యేళ్ళపాటు.

ఈ బండిని బాపట్లలో కొన్నాను. అక్కడి వ్యవసాయ కాలేజీలో చదువు పూర్తిచేసుకుని వెళ్ళిపోతున్న ఒకాయన అమ్మాడు. "కొంచెం పెట్రోలు వాసనొస్తుందండి, అది దీని అందం," అన్నాడు తాళం చేతిలో పెడుతూ. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, మీసం కూడా సరిగ్గా రాలేదు. ఆ మాట నిజమని నమ్మాను. ఆయన ఇప్పుడు ఎక్కడో పెద్ద శాస్త్రవేత్త అయ్యుంటాడు. ఆయన కనిపెట్టిన వరి వంగడం ఏదైనా ఉంటే దయచేసి ఎవరూ నాటకండి.

నేను కాలవల ఆఫీసులో గుమాస్తాని. ఎక్కడ గట్టు తెగినా, ఎక్కడ నీరు ఊటెత్తినా దానికి అంచనాలు రాయడం నా ఉద్యోగం. జిల్లాలోని ఊటలన్నిటికీ కాగితాలు రాసే మనిషి తన సొంత బండి ఊట ఆపలేకపోతున్నాడని ఆఫీసులో చెప్పుకోని రోజు లేదు. మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. కాలినవాళ్ళ వార్డులో పనిచేసిన మనిషి కాబట్టి పెట్రోలు వాసనలో ఆవిడకి అందం కనబడలేదు. పెళ్ళయిన మూడోరోజున మెట్లకింద బండి, బండికింద సత్తుగిన్నె, గిన్నెలో పెట్రోలు చూసి, "ఏంటండీ ఇది?" అంది. "కొంచెం వాసనొస్తుంది, అది దీని అందం," అన్నాను. అప్పుడు ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కుళాయి కట్టేసుకోవచ్చుగా అని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. ట్యాంకు కింద పెట్రోలు కుళాయి ఉంది. కట్టేస్తాను కూడా. కట్టినా అది పూర్తిగా కట్టుబడదు, సన్నగా ఊరుతూనే ఉంటుంది. అందుకే నాదొక ఉపాయం. ఊళ్ళోకి వచ్చేటప్పుడు రైలు గేటు దగ్గరే కుళాయి కట్టేస్తే, కార్బురేటర్లలో మిగిలిన పెట్రోలు మా ఇంటి గుమ్మం దాకా సరిపోవాలి. గేటు తీసి ఉంటే సరిపోతుంది. గేటు వేసి ఉంటే బండి అక్కడే ఆరిపోతుంది, వెనకున్న లారీవాడు నా వంశం గురించి వివరంగా మాట్లాడతాడు. పొద్దున్నే ప్రార్థన చేసుకోవడం, తర్వాత గిన్నెలో పెట్రోలు తీసి మళ్ళీ ట్యాంకులో పోయడం, ఈ రెండూ నేను ఏనాడూ మానలేదు.

బాగుచేయించలేదని మాత్రం అనకండి. తెనాలిలో ఒక మెకానిక్కు బట్టల సబ్బు ముక్క నలిపి కార్బురేటరు కింది కప్పు అంచు చుట్టూ పూసేవాడు. "ఇంక చుక్క కారదండి," అనేవాడు. కారలేదు కూడా, వాన కురిసేదాకా. వానలో తడిసి ఆఫీసుకి వెళ్తే బండి నురుగు కక్కుతోందని మా అటెండరు పరుగెత్తుకొచ్చాడు. బాపట్లలో ఇంకొకాయన లోపలి సూది అరిగిందన్నాడు. ఈ బండి సూదులు తయారుచేయడం మానేసి తరం దాటింది. ఏదో స్కూటరు సూది తెచ్చి, "దగ్గర దగ్గర సరిపోద్దండి," అన్నాడు. మా ప్రాంతంలో బళ్ళూ మోటార్లూ పైకప్పులూ అన్నీ ఈ దగ్గర దగ్గర సరిపోవడం మీదే నిలబడి ఉన్నాయి. దగ్గర దగ్గర సరిపోయింది, దగ్గర దగ్గరగా కారింది.

ఇక స్వయంగా నేను. ఆదివారం మధ్యాహ్నం వీధిలో పాత పేపరు పరిచి కార్బురేటరు విప్పానంటే, ఎక్కణ్ణుంచి వస్తారో తెలీదు, చేతులు వెనక్కి కట్టుకుని ముగ్గురు నిలబడతారు. ఒకాయన "ఫ్లోటు పోయిందండి," అంటాడు. రెండో ఆయన "ఫ్లోటు కాదు, ప్యాకింగు," అంటాడు. ఇద్దరూ నన్ను వదిలేసి వాళ్ళల్లో వాళ్ళు వాదించుకుంటారు. మూడో ఆయన అంతా విని, "ఎప్పుడైనా అమ్మేస్తే చెప్పండి," అని వెళ్ళిపోతాడు. ఈ మధ్య వీళ్ళకి ఫోన్లు తోడయ్యాయి. ఎవరో బ్రెజిల్ దేశస్థుడు కార్బురేటరు విప్పే వీడియో నా ముక్కుముందు పెట్టి, "చూశారా, ఎంత తేలిగ్గా చేస్తున్నాడో," అంటారు. ఆ దేశస్థుడు తెనాలి వచ్చి వీళ్ళ ముగ్గురి మధ్య కూర్చుని చేస్తే అప్పుడు చూద్దాం.

ఇంతవరకూ చెప్పింది నా కష్టం. ఇప్పుడు చెప్పబోయేది నా తెలివి.

మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తాం. పంట చేతికొచ్చాక ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు: ధాన్యం బస్తా, పసుపు, కొబ్బరికాయలు, నాటుకోడి, చీర, ఇంట్లో చేసిన అరిసెలు. ఆరాధన అయ్యాక ఆవరణలోనే వాటిని వేలం వేస్తారు. అప్పుడు చూడాలి మా భక్తి. బయట బజార్లో గీసిగీసి బేరమాడే మనిషి, అవతలి వీధివాళ్ళు పాడారని, ఒక్క గుమ్మడికాయ కోసం చొక్కా చేతులు మడిచి పాట పెంచుకుంటూ పోతాడు. ఆ గుమ్మడికాయ ఇంటికి తీసుకెళ్ళాక వారం పాటు భార్యతో మాట్లాడడు.

పండక్కి రెండు నెలల ముందు, ఎవరెవరు ఏమేమి ఇస్తారో రాసుకునే మీటింగు పెట్టారు. మా సంఘం సెక్రటరీగారు రిటైరైన పోస్టుమాస్టరు. మైకు ఆయన చేతికొస్తే మళ్ళీ పాస్టరుగారికి చేరడం కష్టం. ఆయన లేచి, "ఈసారి పోర్టికోలో కొత్త టైల్స్ వేయించాం. అక్కడే పందిరి, అక్కడే కొవ్వొత్తులు. కాబట్టి కారే బళ్ళు ఉన్నవాళ్ళు బయట పెట్టుకోవాలని మనవి," అన్నాడు. కారే బళ్ళు ఉన్నవాళ్ళట! బహువచనం! సంఘం మొత్తంలో కారే బండి ఒక్కటే. మొత్తం తలలన్నీ నావైపు తిరిగాయి. ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు వినబడింది. అందులో మా ఆవిడ నవ్వు నేను గుర్తుపట్టగలను.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను. "పండగనాటికి నా బండి కారడం ఆగిపోయి, ఒక్క చుక్క కింద పడకపోతే, ఆ బండినే కోత పండక్కి ఇచ్చేస్తాను, రాసుకోండి!" అన్నాను. నోరు జారిన మాట కాదది, బాగా లెక్కేసుకుని అన్న మాటే. ముప్ఫయ్యేళ్ళు ఆగనిది రెండు నెలల్లో ఆగుతుందా? ఇచ్చేవాడిలా కనబడొచ్చు, ఇవ్వక్కర్లేదు. సెక్రటరీగారు మైకులో "ఆమేన్" అన్నాడు. సంఘమంతా "ఆమేన్" అంది. పుస్తకంలో రాశారు, కోడిపెట్టకీ అరిసెల పళ్ళేనికీ మధ్య.

అంతే, ఆ రోజునుంచి ఊరంతా నా కార్బురేటర్ల మీద పడింది. ముప్ఫయ్యేళ్ళు నేను బతిమాలితే వచ్చే వారం రమ్మన్న మెకానిక్కులు, ఇంటికొచ్చి చూస్తామని ఫోన్లు చేశారు. స్త్రీల సమాజం వాళ్ళు గురువారం ప్రార్థనలో నా బండిని చేర్చారు. జ్వరాలు తగ్గాలని, పిల్లలు పరీక్ష పాసవ్వాలని, నా బండి కారడం ఆగాలని. మా ఆవిడ నా ప్రమోషను గురించి ఏనాడూ అంత గట్టిగా ప్రార్థన పెట్టలేదు. నేనేమో ఇవాళ ఆఫీసులో పని, రేపు నడుం నొప్పి అని తప్పించుకు తిరిగాను. బండి బాగుచేయించుకోకుండా ఇన్ని అబద్ధాలాడిన వాడు ఇంకొకడు ఉండడు.

మా ఆవిడ పుట్టిల్లు రేపల్లె. ఆవిడ తమ్ముడు చెప్పాడట, అక్కడ ఒక ముసలాయన ఉన్నాడని. పడవ ఇంజన్లు, చేలల్లో మందు కొట్టే స్ప్రేయర్లు, పాత స్కూటర్లు, ఏది కారినా ఆయన చెయ్యి పడితే ఆగుతుందట. మూడు వారాలు వాయిదా వేశాను. నాలుగో వారం ఆవిడ సెలవు పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెనక సీటు ఎక్కి, "పదండి," అంది.

ఆయన షెడ్డంటే నాలుగు రేకులు, ఒక బల్ల. ఆయన్ని అందరూ భాయ్ అంటుంటే నేనూ అలాగే అన్నాను. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడు. వచ్చిన ప్రతివాడూ చేసేట్టు కిక్కు కొట్టలేదు, సైలెన్సరు మీద తట్టలేదు. రెండు కార్బురేటర్లూ ఊడదీసి, ఒక అన్నం పళ్ళెంలో ముక్కలన్నీ వరసగా పేర్చాడు. ఎడమదాన్ని తలకిందులు చేసి, పెట్రోలు వచ్చే ఇత్తడి గొట్టానికి నాలుక ఆనించి గాలి పీల్చాడు. సూది సరిగ్గా మూసుకుంటే గొట్టం నాలుకని పట్టుకుని వేలాడాలట. ఊడి పడిపోయింది. "దొంగ సూది," అన్నాడు. బాపట్ల స్కూటరు సూదిని తీసి అవతలికి గిరవాటు పెట్టాడు.

ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పాలి. కార్బురేటరు కింద ఒక కప్పు ఉంటుంది. కప్పులో పెట్రోలు నిండేకొద్దీ ఫ్లోటు అనే బోలు డబ్బా తేలుతూ పైకి లేస్తుంది. దాని మీదున్న చిన్న ఇత్తడి రేకు సూదిని నెట్టి దారి మూసేస్తుంది. మన మిద్దెల మీద నీళ్ళ ట్యాంకులో బంతి తేలి కుళాయి కట్టేసినట్టే. ఆ రేకు వెంట్రుకవాసి వంగినా దారి మూసుకోదు, పెట్రోలు పొంగి కారుతుంది. ఇంతకుమించి ఇందులో విద్య లేదు. ఆ వెంట్రుకవాసి ఎంతో తెలియడమే విద్య.

ఆయన ఒక పాత బిస్కట్ల డబ్బా బోర్లించి, రెండు అసలు సూదులు వెతికి తీశాడు. అవి కూర్చునే చోటుని సన్నని పుల్లకి పళ్ళపొడి అద్ది నిదానంగా నునుపు చేశాడు. ఫ్లోటు ఎత్తుకి అగ్గిపుల్ల కొలత పెట్టాడు. రేకు వంచేటప్పుడు పట్టకారు మూతికి గుడ్డ చుట్టాడు. "గుడ్డెందుకు భాయ్?" అన్నాను. "ఇత్తడి మెత్తన సార్, ఉత్త పట్టకారు పెడితే పళ్ళు దిగుతాయి. దిగినచోట ఎప్పటికైనా విరుగుద్ది," అన్నాడు. మళ్ళీ గొట్టానికి నాలుక ఆనించి పీల్చాడు. ఈసారి కార్బురేటరు ఆయన నాలుకని పట్టుకుని వేలాడింది. అది వేలాడినంతసేపు ఆయన మాట్లాడలేడు, మమ్మల్ని చూసి కళ్ళతో నవ్వాడు. మా ఆవిడ కంగారుపడి, నర్సు కదా, లేచి దగ్గరికి వెళ్ళబోయింది. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

అన్నీ బిగించాక మా ఆవిడ నవ్వుతూ మొక్కుబడి సంగతి చెప్పేసింది. ఆయన నవ్వలేదు. "దేవుడికిచ్చే బండా?" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఉండండి," అని మొత్తం రెండోసారి విప్పాడు. మళ్ళీ పళ్ళపొడి, మళ్ళీ అగ్గిపుల్ల, మళ్ళీ నాలుక. మధ్యాహ్నం అయిపోయింది, భోజనానికి లేవలేదు. బండి చేతికిస్తూ, "పండగ ఏ రోజు సార్? నేనూ వస్తా, చూసుకుంటా," అన్నాడు. రమ్మని మా ఆవిడే చెప్పింది.

మర్నాడు పొద్దున గిన్నెలో చుక్క లేదు. ఆ మర్నాడూ లేదు. వారం తర్వాత గిన్నె అడుగున పొడి దుమ్ము. ముప్ఫయ్యేళ్ళు ఏది కోరుకున్నానో అది జరిగింది, నాకు నిద్ర పట్టడం మానేసింది. సెక్రటరీగారు ఆదివారం మైకులో నా బండిని గురించి రెండు నిమిషాలు మాట్లాడాడు. స్త్రీల సమాజం వాళ్ళు స్తుతి చెల్లించారు. వేలంలో ఎవరు పాడబోతున్నారో కూడా తెలిసిపోయింది. బాపట్ల బీచి దారిలో కొత్తగా హోటలు పెట్టిన ఒకాయన, మా సంఘంలో ఒకరికి వియ్యంకుడు. పాత బండి దొరికితే సగానికి కోసి, ముందు భాగం గోడకి బిగించి, హెడ్‌లైటులో రంగుబల్బు పెట్టిస్తాడట. కింద కూర్చుని జనం రొయ్యల వేపుడు తింటారు. ఆ బండి మీదే నేను ఉద్యోగంలో చేరడానికి వెళ్ళాను. మా అమ్మాయిని కాన్పయిన ఆసుపత్రి నుంచి దానిమీదే తెచ్చుకున్నాం. అది నాకు కావాలి. నిజంగా కావాలి. మాట వెనక్కి తీసుకుంటానని లేచి చెప్పే ధైర్యం మాత్రం లేదు.

పండగ ముందురోజు శనివారం. మా ఆవిడ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళింది. పేపరు పరిచి, ఎడమ కార్బురేటరు కప్పు విప్పాను. వీధిలో ఆ ముగ్గురూ ఆ రోజే రాలేదు, వస్తే బతికిపోయేవాణ్ణి. రేకుని పట్టకారుతో పట్టుకుని ఒక్క వంపు వంచాను. కప్పు బిగించి, కుళాయి తిప్పి, గిన్నె పెట్టి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. పావుగంటకి చుక్క మెరిసింది. సత్తుగిన్నెలో టప్పున పడింది. చప్పట్లు కొట్టానంటే నమ్మండి, ఒక్కణ్ణే, యాభై నాలుగేళ్ళ మనిషిని.

ఆదివారం ఉదయం రేపల్లె రైలు దిగి ఆయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, గోళ్ళలో నల్లటి గ్రీజు కూడా రుద్ది కడుక్కున్నాడు. గేటు దగ్గర ఆగిపోతే సెక్రటరీగారే ఎదురెళ్ళి లోపలికి తెచ్చి ముందు వరసలో కుర్చీ వేయించాడు. నా బండికి బంతిపూల దండ వేసి, కొత్త టైల్స్ మీద, పందిరి పక్కన నిలబెట్టారు. ఆరాధన అయింది. గుమ్మడికాయలు పోయాయి, కోళ్ళు పోయాయి. "ఇప్పుడు దేవుడు చేసిన అద్భుతం, దానికి సాధనంగా వాడుకున్న మా రేపల్లె అన్నగారు," అని సెక్రటరీగారు మైకులో మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. భాయ్ లేచి చేతులు జోడించాడు. అప్పుడు ముందువరసలో ఒకావిడ, "అయ్యో, కారుతోందండీ," అంది.

తెల్లటి టైల్స్ మీద అరచేతి వెడల్పున మడుగు. వెనకనుంచి ఒకడు నవ్వాడు. "పెద్ద పనోడన్నారే!" అన్నాడు ఇంకొకడు. "రేపల్లె రిపేరంటే ఇంతేలెండి," అన్నాడు మరొకడు. వీళ్ళంతా ఎవరు? సబ్బు పూసినవాణ్ణీ, దగ్గర దగ్గర సరిపెట్టినవాణ్ణీ ఒక్కమాట అననివాళ్ళు.

ఆయన వచ్చి, తెల్లప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, ముందు కొవ్వొత్తులు ఆర్పించమన్నాడు. స్క్రూడ్రైవరు అడిగాడు. నా డిక్కీలోనే ఉంది, నేనే తీసిచ్చాను. కప్పు ఊడదీశాడు. ఫ్లోటుని అటూ ఇటూ తిప్పాడు. బొటనవేలితో రేకుని తడిమాడు. నేను ఆయన భుజం మీదుగా వంగి చూస్తున్నాను. పసుపుపచ్చని ఇత్తడి మీద పట్టకారు పళ్ళ గుర్తులు వరసగా, మెరుస్తూ కనబడుతున్నాయి. నాకు గుడ్డ చుట్టాలని తోచలేదు.

తలెత్తి నావైపు చూశాడు. కోపంగా చూసుంటే బాగుండేది. ఎవరికీ వినబడకుండా, "సార్, కారేటట్టు పెట్టనా, కారకుండా పెట్టనా?" అన్నాడు.

ఆయన నన్ను దెప్పలేదు. బండి నాది కాబట్టి అడిగాడు. రెండే జవాబులున్నాయి, రెండూ ఒక్క మాటలో చెప్పొచ్చు. పాస్టరుగారు చూస్తున్నారు, సెక్రటరీ చూస్తున్నాడు, మా ఆవిడ ఒళ్ళో బైబిలు పెట్టుకుని నుదురు ముడేసి చూస్తోంది. "మీ ఇష్టం భాయ్," అన్నాను.

ఆయన ఇంకాస్త ఆగాడు. నేను ఇంకేమైనా అంటానేమోనని ఆగాడు. తర్వాత ఫ్లోటుని ఎలా ఉన్నదాన్ని అలాగే లోపల పెట్టి కప్పు బిగించేశాడు. లేచి చేతులు తుడుచుకుని సెక్రటరీగారితో, "నా చేతి తప్పేనండి," అన్నాడు. సెక్రటరీగారు అలవాటు చొప్పున మైకు ఆయన మూతి దగ్గర పెట్టాడు. "నా చేతి తప్పేనండి, సూది సరిగ్గా కూర్చోలేదు. పండగపూట మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను, క్షమించండి," అన్న మాట మూడు స్పీకర్లలోంచి వీధి చివరిదాకా వెళ్ళింది. భోజనానికి ఉండమంటే, రైలుకి టైమయిందని స్టేషనుకి నడిచి వెళ్ళిపోయాడు. మోకాళ్ళ దగ్గర రెండు మరకలతో.

బండి నాకు మిగిలింది. వచ్చే ఏడు చూద్దామని సెక్రటరీగారంటే, నేను ఈ పండగనాటికి అన్నానని పుస్తకం తీయించి మరీ చూపించాను. పది రోజుల తర్వాత పట్టకారుకి గుడ్డ చుట్టి, అగ్గిపుల్ల కొలత పెట్టి, రేకుని యథాస్థానానికి తెచ్చాను. అప్పట్నుంచి చుక్క కారలేదు. మా ఆవిడ మురిసిపోయి కనబడ్డ ప్రతివాళ్ళకీ, "ఆ రేపల్లె ఆయన వల్ల కానిది మా ఆయన పావుగంటలో చేశారండీ," అని చెప్పింది. నేను కాదనలేదు. ఇప్పుడు సంఘంలో ఎవరి స్కూటరు కారినా నా దగ్గరికే తెస్తున్నారు. ఏటా తన స్ప్రేయర్లన్నీ రేపల్లె పంపే రైతు ఒకాయన కూడా నన్ను అడిగే ఇంకో చోటికి మార్చాడు. సిగ్గనిపించింది. సిగ్గనిపిస్తూనే ఆ రైతు తెచ్చిన స్ప్రేయరు కూడా విప్పి చూశాను.

రెండు నెలలు ఆగి, ఒకరోజు ఆఫీసుకి సెలవు పెట్టి రేపల్లె వెళ్ళాను. క్షమాపణ అడుగుదామనే వెళ్ళాను. దారి పొడుగునా హెల్మెట్టులో పైకి అంటూనే ఉన్నాను, తప్పు నాదండి, మీది కాదండి, ఈ ఆదివారం మైకులోనే చెప్తానండి, అని. షెడ్డు దగ్గర ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఆయన, "రండి సార్," అని బల్ల తుడిచాడు. టీ చెప్పాడు. బండి దగ్గరికి వచ్చి, ఎడమ కార్బురేటరు కింద వేలితో రాసి, పొడి వేలు వెలుతురులో చూసుకున్నాడు.

"బాగా సరిచేశారు సార్. చెయ్యి కుదిరింది మీకు," అన్నాడు.

ఆ ఇద్దరూ నావైపు చూస్తున్నారు. ఎందుకొచ్చానో చెప్పాలి కదా. "గేరు ఆయిలు మార్చాలేమో చూడండి భాయ్, చాలా రోజులైంది," అన్నాను.

ఆయన వంగి, మూత విప్పి, పుల్ల ముంచి తీసి చూశాడు. తేనె రంగులో, కొత్తగా ఉంది. ముందు వారమే నేనే మార్చాను.

"మొన్నే మార్చినట్టున్నారు సార్," అని, మూత బిగించి, చేతులు తుడుచుకుని, ఆ ఇద్దరిలో ముందొచ్చినాయన స్ప్రేయరు ఒళ్ళోకి తీసుకున్నాడు.